"ఎంత కట్టాలి?": న్యూజెర్సీ కోర్టులో ప్రీట్రయల్ ఆఫీసర్‌గా నా మొదటి ఏడాది

ఈ ఉద్యోగానికి నేను అప్లికేషన్ పెట్టింది 2023 ఫిబ్రవరి 23న. చేరింది సెప్టెంబరు 11న. మధ్యలో ఆరున్నర నెలలు. ఇంతకాలం పడుతుందని ఎవరైనా ముందే చెప్పి ఉంటే రోజుకు పదిసార్లు మెయిల్ తెరిచి చూసుకునేదాన్ని కాదు. అందుకే తేదీలతో సహా రాస్తున్నాను. మనవాళ్లలో ఈ పని చేసేవాళ్లు నాకింతవరకు ఎవరూ తగల్లేదు. కోర్టులో ఉద్యోగం అనగానే లాయరువా అంటారు. కాదంటే పోలీసువా అంటారు. అదీ కాదంటే ఏదో క్లర్కు పనిలే అని వదిలేస్తారు.

పదకొండేళ్లు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో చేశాను. 2023 జనవరిలో ఒకరోజు పొద్దున్నే లాగిన్ అవబోతే అవలేదు. ఉద్యోగం పోయిందని అలా తెలిసింది. అప్పటికి మా ఊరి లైబ్రరీలో, కొత్తగా వచ్చినవాళ్లకి ఇంగ్లిష్ మాట్లాడటం నేర్పే క్లాసుకి శనివారాలు వెళ్తుండేదాన్ని. నాతోపాటు నేర్పే పెద్దావిడ ప్రొబేషన్‌లో, అంటే శిక్ష పడ్డా జైలుకి పంపకుండా బయటే ఉంచినవాళ్లని కనిపెట్టుకునే విభాగంలో, చేసి రిటైరైంది. "అవతలి మనిషి చెప్పడం అయ్యేదాకా నోరు మూసుకుని ఉండటం నీకొచ్చు. మా దాంట్లో అది చాలామందికి రాదు. అప్లై చెయ్యి" అంది.

డిగ్రీ ఉంటే చాలు. కాకపోతే నాది ఇండియాలో చదివిన సోషియాలజీ ఎమ్మే, అది ఇక్కడి డిగ్రీతో సమానమేనని ఒక సంస్థ తేల్చి కాగితం ఇవ్వాలి. నాకు 190 డాలర్లు, ఐదు వారాలు పట్టింది. మార్కుల లిస్టులు సీలు వేసిన కవర్లో నేరుగా యూనివర్సిటీ నుంచే రావాలన్నారు. ఒంగోలు నుంచి తమ్ముడు మూడుసార్లు తిరిగి పంపించాడు. ఎవరైనా ఇటు రావాలనుకుంటే ముందు ఈ పని మొదలుపెట్టండి. ఇంకోటి, న్యూజెర్సీలో మాలాంటి ప్రభుత్వ ఉద్యోగం చేసేవాళ్లు న్యూజెర్సీలోనే ఉండాలి. పెన్సిల్వేనియా వైపు ఇళ్లు చవకని మేం ఆదివారాలు చూసొచ్చేవాళ్లం. ఆ కథ అక్కడితో సరి.

మొదటి ఇంటర్వ్యూ ఏప్రిల్ 27న. ముగ్గురు కూర్చున్నారు, నలభై నిమిషాలు. చట్టం గురించి ఒక్క ప్రశ్న కూడా లేదు. అన్నీ "ఇలా జరిగితే ఏం చేస్తారు" రకమే. "రాత్రి అరెస్టయినవాళ్ల పేర్లు పొద్దున లిస్టులో వస్తాయి, అందులో మీకు తెలిసినవాళ్ల పేరు కనిపిస్తే ఏం చేస్తారు?" అని అడిగారు. నేను చాలా తెలివిగా, "వాళ్లని నాకు తెలుసు కాబట్టి ఇంకా బాగా సాయం చేయగలను" అన్నాను. ముగ్గురూ తలలు దించి ఏదో రాసుకున్నారు. అది తప్పు జవాబని ఇంటికొచ్చాక వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతుంటే తట్టింది. అయినా జూన్ 15న రెండోసారి పిలిచారు, అదే ప్రశ్న మళ్లీ అడిగారు. ఈసారి, "సూపర్‌వైజర్‌కి చెప్పి ఫైలు ముట్టుకోను" అన్నాను. వేలిముద్రలు, పాత అడ్రసులు, పాత మేనేజర్లకి ఫోన్లు అన్నీ అయి, ఆఫర్ లెటర్ ఆగస్టు 9న వచ్చింది. జీతం ఐటీలో వచ్చినదాంట్లో సగానికి కొంచెం పైన. పెన్షన్, ఇన్సూరెన్స్ ఉన్నాయి. కోర్టుకి వేసుకునే బట్టలకి 260 డాలర్లయింది. గన్ ఇస్తారా అని మా అబ్బాయి అడిగాడు. ఇవ్వరు. ఒక బ్యాడ్జీ, ఒక ల్యాప్‌టాప్, ఒక డెస్క్ ఫోన్, అంతే. వాడికి నిరాశే.

కాగితం మీద నా హోదా ప్రొబేషన్ ఆఫీసర్, పని ప్రీట్రయల్ విభాగంలో. ప్రొబేషన్ అంటే శిక్ష పడ్డాక. మాది అంతకుముందు సంగతి. కేసు ఇంకా తేలలేదు, ఆ మనిషి తప్పు చేశాడో లేదో ఎవరూ చెప్పలేదు, అయినా ఈలోపు ఎక్కడో ఒకచోట ఉండాలి కదా. జైల్లోనా, ఇంట్లోనా? ఇంట్లో ఉంటే వాయిదాకి వస్తాడా? మా ఆఫీసు ఉన్నది ఈ రెండు ప్రశ్నల కోసం.

మొదటి మూడు వారాలు నేను ఎవరితోనూ మాట్లాడలేదు. పక్కన కుర్చీ వేసుకుని చూడటమే పని. నాకు పని నేర్పినావిడకి 22 ఏళ్ల సర్వీసు. పొద్దున ఏడింటికి వస్తుంది, కోటు విప్పకుండానే రాత్రి వచ్చినవాళ్ల లిస్టు తెరుస్తుంది. వారెంటు మీద ఎవరినైనా కౌంటీ జైల్లో పెడితే, 48 గంటల్లోపు జడ్జి ఆ మనిషి సంగతి తేల్చాలి. వేలిముద్రలు తీసుకోగానే కంప్యూటరే పాత రికార్డు వెతికి పీఎస్‌ఏ అనే ఒక లెక్క కడుతుంది. పబ్లిక్ సేఫ్టీ అసెస్‌మెంట్. ఆ లెక్క సరిగ్గా ఉందో లేదో మనుషులు చూడాలి. ఆ మనుషులం మేం.

లెక్కలో తొమ్మిది విషయాలుంటాయి. అరెస్టు నాటికి వయసెంత, ఇప్పటి కేసు హింసకి సంబంధించినదేనా, అప్పటికే ఇంకో కేసు నడుస్తోందా, పాత చిన్న కేసుల్లో శిక్ష పడిందా, పెద్ద కేసుల్లో పడిందా, హింస కేసుల్లో ఎన్నిసార్లు పడింది, గత రెండేళ్లలో వాయిదాకి రాకుండా పోయాడా, అంతకుముందెప్పుడైనా పోయాడా, జైలుశిక్ష అనుభవించాడా. వీటిని బట్టి రెండు అంకెలు వస్తాయి, ఒక్కోటి 1 నుంచి 6 దాకా. వాయిదాకి రాకపోయే అవకాశానికి ఒకటి, బయట ఉండగా మళ్లీ నేరం చేసే అవకాశానికి ఇంకోటి. ఈ తొమ్మిదింట్లో ఒక్కటీ ఆ మనిషిని అడిగి రాసేది కాదు. ఉద్యోగం ఉందా, సొంత ఇల్లేనా, పెళ్లయిందా, ఊళ్లో ఎవరైనా తెలుసా, ఇవేవీ అందులో ఉండవు.

నిజం చెప్పొద్దూ, ఇది నాకు మొదట్లో నచ్చలేదు. ఇదేం పద్ధతి, మనిషి ముఖం చూడకుండా మార్కులేంటి అనిపించింది. పైగా పోలీసులు ఎక్కువ తిరిగే వీధిలో పుట్టినవాడికి పాత కేసులూ ఎక్కువే ఉంటాయి, ఆ వీధి కూడా అంకెలోకి వచ్చేస్తుంది. ఈ మాట ఇప్పటికీ అంటాను. కానీ ట్రైనింగ్‌లో ఒకాయన పాత లెక్క ఒకటి చెప్పాడు. ఈ పద్ధతి 2017 జనవరి 1న మొదలైంది. దానికి ముందు ఇక్కడి జైళ్లను పరిశీలించినప్పుడు, లోపలున్నవాళ్లలో నూటికి 12 మంది బెయిలు కింద 2,500 డాలర్లో అంతకంటే తక్కువో కట్టలేక మిగిలిపోయినవాళ్లట. ఆ మాట వినగానే నాకు మా నాన్న గుర్తొచ్చారు.

నేను ఏడో తరగతిలో ఉండగా మా వీధిలో ఒకబ్బాయి ఏదో కొట్లాట కేసులో ఇరుక్కున్నాడు. బెయిలుకి ఇద్దరు జామీనుదారులు కావాలన్నారు. వాళ్ల నాన్న వచ్చి మా అరుగు మీద కూర్చుని లేవలేదు. నాన్న ఇంటిపన్ను రశీదు పట్టుకుని కోర్టుకెళ్లి సంతకం పెట్టొచ్చారు. ఆ అబ్బాయి పనికోసమని హైదరాబాదు పోయి రెండు వాయిదాలు ఎగ్గొట్టాడు. నోటీసు నాన్నకొచ్చింది. ఆయన మూడు రోజులు సెలవు పెట్టి, రాత్రి బస్సెక్కి, కూకట్‌పల్లిలో గది గది వెతికి వాణ్ణి వెంటబెట్టుకొచ్చారు. మా అమ్మ ఆ మూడు రోజులూ పొయ్యి దగ్గర గొణుగుతూనే ఉంది. మన దగ్గర ఎవరి తరఫునైనా ఒక మనిషి నిలబడాలి. నిలబడేవాళ్లు లేనివాడు లోపలే. ఇక్కడి కాగితం కనీసం ఆ ప్రశ్న అడగదు.

డబ్బు బెయిలు అనే మాట ఇక్కడి చట్టంలోంచి పూర్తిగా పోలేదు, కానీ జడ్జిలు దాన్ని దాదాపు వాడరు. జడ్జి ముందు నాలుగు దారులుంటాయి. ఊరికే వదిలేయడం, ఏవో షరతులు పెట్టి వదలడం, మా నిఘాలో వదలడం, లేదా ప్రాసిక్యూటర్ (ప్రభుత్వం తరఫున కేసు నడిపే లాయరు) డిటెన్షన్ మోషన్ వేస్తే 3 పనిదినాల్లో విచారణ పెట్టి లోపలే ఉంచాలా అని తేల్చడం. నిఘాలో మెట్లున్నాయి. మొదటి మెట్టుకి నెలకోసారి ఫోన్ చేస్తే చాలు. రెండోదానికి ఫోనూ చేయాలి, మనిషీ రావాలి. మూడోదానికి వారం వారం. ఆ పైన ఇల్లు కదలకుండా ఉండటం, కాలికి జీపీఎస్ పట్టీ.

నా మొదటి తప్పు అక్టోబరులోనే చేశాను. ఒకతని రికార్డులో గత ఏడాది వాయిదాకి రాలేదని ఉంది. రెండేళ్లలోపుదే కదా అని లెక్కలో కలిపేశాను. అంకె 3 నుంచి 4కి ఎక్కింది. పది నిమిషాల తర్వాత పక్కనావిడ నా స్క్రీన్ మీదికి వంగి, "అతను ఎగ్గొట్టింది ఏ వాయిదా?" అంది. చూస్తే, అది పాత కేసులో శిక్ష పడ్డాక జరిమానా కట్టడానికి రావాల్సిన తేదీ. కేసు తేలకముందు ఎగ్గొట్టిన వాయిదాలే ఇందులోకి వస్తాయి. తీసేశాను, అంకె మళ్లీ 3 అయింది. ఆవిడ ఇంకో మాట అనకుండా తన కాఫీ తెచ్చుకోవడానికి వెళ్లిపోయింది. నాకు మాత్రం మధ్యాహ్నం అన్నం దిగలేదు. టెస్టింగ్‌లో బగ్ మిస్సయితే టికెట్ ఓపెన్ అవుతుంది. ఇక్కడ మిస్సయితే ఒక మనిషి నెలకోసారి బదులు వారానికోసారి పనెగ్గొట్టి కోర్టుకి రావాలి. ఆ రోజు నుంచి నేను ప్రతి ఎంట్రీకి ఏ కేసు, ఏ దశ అని పెన్సిల్‌తో రాసుకుంటాను. నవ్వేవాళ్లు నవ్వారు.

జడ్జి ముందు హాజరు కావడం మనం అనుకునేలా ఉండదు. చాలావరకు వీడియోలోనే. జైల్లో ఒక గది, గోడకి కెమెరా, ఒక ప్లాస్టిక్ కుర్చీ. మనిషి వచ్చి కూర్చుంటాడు, ముందు తెర మీద అన్ని డబ్బాలూ వెతుకుతాడు, తన వాళ్లు ఎవరైనా కనిపిస్తారేమోనని. పబ్లిక్ డిఫెండర్ (సొంత లాయరు లేనివాళ్లకి ప్రభుత్వం ఇచ్చే లాయరు) రెండు మాటలు, ప్రాసిక్యూటర్ రెండు మాటలు, మా రిపోర్టు, జడ్జి ఉత్తర్వు. నేను గడియారం పెట్టి చూశాను, ఒక్కొక్కరికి ఐదారు నిమిషాలు. వాళ్ల జీవితంలో పెద్ద విషయం, మాకు ఆ పొద్దుటి పదకొండో నంబరు.

జనవరి నుంచి నాకు సొంతంగా మనుషుల్ని ఇచ్చారు. లిస్టులో వంద దాటే ఉంటారు. ఫోన్ చేసినప్పుడు అడిగేవి నాలుగే ప్రశ్నలు. అడ్రసు అదేనా, నంబరు అదేనా, మళ్లీ ఏమైనా అరెస్టయ్యారా, వచ్చే వాయిదా ఎప్పుడో తెలుసా. ఈ ఉద్యోగంలో నేను నేర్చుకున్నదంతా ఆ నాలుగో ప్రశ్నలో ఉంది. వాయిదాకి రానివాళ్లు పారిపోతారని అందరూ అనుకుంటారు. నా లిస్టులో నిజంగా పారిపోయినవాళ్లు ఏడాదిలో ఇద్దరు. మిగతావాళ్లంతా మరిచిపోయినవాళ్లు, బస్సు తప్పిపోయినవాళ్లు, పిల్లని చూసుకునే మనిషి రానివాళ్లు, పనికి సెలవడిగితే ఉద్యోగం పోతుందని భయపడినవాళ్లు. కంప్యూటరే మెసేజీలు పంపుతుంది. కానీ నెలాఖరుకి ఫోన్ కట్ అయ్యేవాళ్లకి మెసేజీ ఎక్కడికి పోతుంది?

అలాంటివాడే ఒకతను గోడౌన్‌లో రాత్రి షిఫ్టు చేసేవాడు. మార్చిలో వాయిదాకి రాలేదు, పట్టుకురమ్మని జడ్జి బెంచ్ వారెంటు ఇచ్చాడు. మర్నాడు పొద్దున ఎనిమిదింటికే మా కౌంటర్ ముందు నిలబడ్డాడు. పనిబూట్లు విప్పకుండానే పొరపాటున సోఫాలో నిద్రపోయానని చెప్తున్నాడు. నిజమే చెప్తున్నాడని ఆ కళ్లు చూస్తే తెలుస్తోంది. నా చేతిలో ఏముంది? లాయరుకి ఫోన్ చేసి ఎదురుగా ఉన్నాడని చెప్పడం, తనంతట తనే వచ్చాడని కోర్టుకి రాయడం. మధ్యాహ్నం రెండింటికి వారెంటు ఎత్తేశారు. అప్పటిదాకా అతను మా వరండాలో కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు, మళ్లీ నిద్రపోతానేమోనని భయం. తర్వాత ఇద్దరం ఒక ఏర్పాటు చేసుకున్నాం. అతని వీధి చివర మంగలిషాపు నంబరు రాయించుకున్నాను. నేను వాయిదాకి ముందురోజు అక్కడికి ఫోన్ చేస్తే షాపాయన కేకేసి చెప్తాడు. నియమాల పుస్తకంలో ఈ పద్ధతి లేదు, సూపర్‌వైజర్‌ని అడిగి ఫైల్లో రాసుకున్నాను. తర్వాత ఒక్క వాయిదా కూడా తప్పలేదు.

జీపీఎస్ పట్టీ గురించి కూడా చెప్పాలి. బిగించేది వేరేవాళ్లు. నేను పక్కన కూర్చుని షరతులు చదివి సంతకం తీసుకోవాలి. నా మొదటి కేసు పందొమ్మిదేళ్ల కుర్రాడు. బూటు విప్పమంటే కాసేపు విప్పలేదు. ఎందుకా అనుకున్నాను. సాక్సుకి బొటనవేలి దగ్గర చిల్లుంది, అదీ సిగ్గు. పట్టీకీ చర్మానికీ మధ్య వేలు దూరేంత సందు ఉందో లేదో చూశారు. రోజూ రెండు గంటలు చార్జింగ్ పెట్టాలి, పట్టీ కాలికే ఉంటుంది కాబట్టి మనిషి కూడా గోడ పక్కనే ఉండాలి. వాళ్లింట్లో ఖాళీగా ఉన్న ప్లగ్గు వంటింట్లో ఒక్కటే. వాళ్ల నాయనమ్మ నాకు ఫోన్ చేసి, "వీణ్ణి దాటుకుని పొయ్యి దగ్గరికి వెళ్లాల్సొస్తోంది" అని రోజూ ఫిర్యాదు. చివరికి ఆవిడకి ఎక్స్‌టెన్షన్ తీగ కొనుక్కోమని చెప్పింది నేనే. బ్యాటరీ అయిపోతే అది మా లెక్కలో ఉల్లంఘన. తీగ పొట్టిదైనంత మాత్రాన ఒకడు మళ్లీ జడ్జి ముందుకు వెళ్లడం నాకిష్టం లేకపోయింది.

అన్నీ ఇలా సర్దుకునేవే ఉండవు. ఏప్రిల్లో ఒకరోజు పొద్దున లిస్టులో నేను ఫిబ్రవరిలో రిపోర్టు రాసిన ఒక పేరు మళ్లీ కనిపించింది. ఈసారి కేసు చాలా పెద్దది, ఒకామె ఆసుపత్రిలో ఉంది. ఫిబ్రవరి రిపోర్టులో అతని అంకెలు 2, 2. నేనే చూశాను, సరిగ్గానే చూశాను. అయినా బాత్రూమ్‌కి వెళ్లి తలుపేసుకుని ఎంతసేపున్నానో తెలియదు. సూపర్‌వైజర్ ఆ పాత రిపోర్టు తీసి నాతో కలిసి మొదటి నుంచి చదివాడు. "ఇందులో తప్పుందా?" అన్నాడు. లేదన్నాను. "అయితే ఇవాళ్టికి ఇంటికెళ్లు" అన్నాడు. వెళ్లాను. ఇంట్లో ఏం చెప్పను? ఈ ఉద్యోగంలో నాకు అన్నిటికన్నా కష్టంగా ఉన్నది ఇదే. ఏం జరిగిందో మొగుడికి కూడా చెప్పకూడదు. తలనొప్పి అని పడుకున్నాను. ఆ మే నెలలో మొదటిసారి బీపీ మాత్ర మొదలైంది.

ఇక మనవాళ్ల సంగతి. కోర్టు ఉద్యోగులు రాజకీయాల్లో వేలు పెట్టకూడదని చేరిన రోజే సంతకం పెట్టించుకున్నారు. చందాలివ్వకూడదు, ప్రచారానికి వెళ్లకూడదు, ఇంటి ముందు పచ్చికలో పేరున్న బోర్డు కూడా పెట్టకూడదు. చేరిన నెలకే మా టౌన్ ఎన్నికల్లో తెలిసిన తెలుగాయన నిలబడ్డాడు. వీధి వీధంతా బోర్డులే, మా ఇంటి ముందు తప్ప. వాళ్లావిడ ఇప్పటికీ కాస్త ముభావంగానే ఉంటుంది. ఉద్యోగం పోతుందమ్మా అంటే, "ఒక్క బోర్డుకేనా" అంది. ఒక్క బోర్డుకే.

అంతకన్నా పెద్దది మేలో. రాత్రి పదకొండున్నరకి స్నేహితురాలి ఫోన్. వాళ్లకి తెలిసిన కుర్రాడు, మొగుడూ పెళ్లాల గొడవ, పక్కింటివాళ్లు పోలీసుల్ని పిలిచారు. ఇక్కడ ఒంటి మీద గాయం కనిపిస్తే పోలీసులు అరెస్టు చేసి తీరాలి. "వద్దులెండి, మాలో మేం చూసుకుంటాం" అని భార్య చెప్పినా ఆగరు. ఇండియా నుంచి వాళ్లమ్మ ఏడుస్తోందట. "నువ్వు కోర్టులోనే కదా, ఎంత కట్టాలో కనుక్కో. ఎంతైనా పర్లేదు, పొద్దున్నే పంపించేస్తారు" అంది.

ఎంత కట్టాలి? ఈ ప్రశ్న నన్ను ఏడాదిలో తెలుగులో కనీసం ఆరుగురు అడిగారు. ఏమీ కట్టక్కర్లేదంటే నమ్మరు. దాస్తున్నానంటారు. నేను ఎవరికైనా చెప్పగలిగేది చెప్పాను. 48 గంటల్లో జడ్జి ముందుకు వస్తాడు, సొంత లాయరు లేకపోతే పబ్లిక్ డిఫెండర్ ఉంటాడు, డబ్బు పంపినంత మాత్రాన ముందు వదలరు. ఆ పేరు కంప్యూటర్లో కొట్టి చూడమంది. చూడను అన్నాను. చూసినా అది రికార్డవుతుంది, నాకు సంబంధం లేని ఫైలు తెరిస్తే నా ఉద్యోగం గల్లంతు. "ఇంత చిన్న సాయం..." అని ఫోన్ పెట్టేసింది. పొద్దున లిస్టులో ఆ పేరుంది. ఇంటర్వ్యూలో చెప్పిన రెండో జవాబే చేశాను. సూపర్‌వైజర్‌కి చెప్పాను, ఫైలు వేరేవాళ్లకి వెళ్లింది. ఆ స్నేహితురాలు వినాయక చవితికి పిలవలేదు.

దీనికి వారం తర్వాత, నాకు ఏ రకంగానూ తెలియని ఇంకొక తెలుగాయన నా లిస్టులోకే వచ్చాడు. దాదాపు అలాంటి కేసే. నా పేరు చూసి కుర్చీలో సర్దుకుని, "హమ్మయ్య, తెలుగులో మాట్లాడొచ్చా మేడమ్" అన్నాడు. మాట్లాడకూడదు. నేను ఆఫీసర్ని, దుభాషిని కాదు. ఆయన ఇంగ్లిష్ బాగానే ఉంది గానీ షరతులు తెలుగులో వింటానన్నాడు. ఫోన్లో దుభాషి లైన్‌లోకి వచ్చేదాకా పద్దెనిమిది నిమిషాలు ఇద్దరం ఎదురెదురుగా మౌనంగా కూర్చున్నాం. దుభాషి గొంతులో నెల్లూరు యాస. నేను ఇంగ్లిష్‌లో చదవడం, ఆవిడ తెలుగులో చెప్పడం, ఆయన తెలుగులో జవాబివ్వడం, అది నాకు అర్థమైనా ఇంగ్లిష్‌లో వచ్చేదాకా నేను ఆగడం. మధ్యలో ఒకచోట ఆయన, "ఇదేం ఖర్మండీ" అన్నాడు. దాన్ని ఆవిడ ఎలా అనువదిస్తుందా అని చూశాను. కాసేపు ఆగి, "ఇది నాకు చాలా కష్టంగా ఉంది" అన్నట్టు చెప్పింది. సరిపోయిందనే అనుకున్నాను.

మనవాళ్లు దెబ్బతినేది నో కాంటాక్ట్ అనే షరతు దగ్గర. భార్యతో మాట్లాడకూడదు అంటే సరే అంటారు. మాట్లాడించకూడదు కూడా అంటే ఎక్కదు. వాళ్లమ్మ ఇండియా నుంచి కోడలికి, "సర్దుకుపోండమ్మా, కేసు వెనక్కి తీసుకో" అని వాట్సాప్ పెట్టినా, బాబాయి మధ్యవర్తిగా ఇంటికెళ్లినా, వాళ్లని పంపింది ఇతనేనని తేలితే అది ఉల్లంఘనే. పెద్దమనుషుల్ని పంపి మాట్లాడించడం మన దగ్గర మర్యాద, ఇక్కడ మళ్లీ అరెస్టయ్యే పని. ఈ ఒక్క వాక్యాన్ని ఆయనకి మూడు రకాలుగా చదివాను. "అయితే పాప పుట్టినరోజు?" అన్నాడు. దానికి లాయరు ద్వారా కోర్టునే అడగాలి. పాప మాట మూడోసారి ఎత్తినప్పుడు గొంతు పూడుకుపోయింది. నేను తెలుగులో ఒక్క మాట, "మంచినీళ్లు తాగండి" అన్నాను. దుభాషి లైన్‌లోనే ఉంది, వినే ఉంటుంది. ఫైల్లో రాయలేదు.

ఆయన ఒక స్నేహితుడి బేస్‌మెంట్‌లో ఉన్నాడు. నెలకోసారి వచ్చేవాడు, నీట్‌గా ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఇంటర్వ్యూకి వచ్చినట్టు. పక్క కుర్చీలో మంగలిషాపు నంబరు ఇచ్చినతను ఉండేవాడు ఒక్కోసారి. ఇద్దరినీ అడిగేవి అవే నాలుగు ప్రశ్నలు.

2024 సెప్టెంబరు 11కి ఏడాది నిండింది, పరీక్షా కాలం అయిపోయిందని లెటర్ వచ్చింది. ఆ ఆదివారం నాన్నకి ఫోన్లో చెప్పాను. ఇన్నాళ్లూ నా ఉద్యోగమేమిటో ఆయనకి సరిగా అర్థం కాలేదు, ఈసారి ఓపిగ్గా విన్నారు. డబ్బు కట్టించుకోరు, జామీను ఉండదు, ఊరికే వదిలేస్తారు అన్నాను.

"మరి వాడు వాయిదాకి రాకపోతే ఎవరిని పట్టుకుంటారు?"

"ముందురోజు నేను ఫోన్ చేస్తాను నాన్నా, వస్తారు. చాలామంది వస్తారు."

"నీ ఫోన్‌కేనా!" అని కాసేపు నవ్వారు. తర్వాత, "రాకపోతే నీ జీతంలో కోస్తారా?" అన్నారు.

"కోయరు."

"అయితే మంచి ఉద్యోగమే" అని ఫోన్ అమ్మకిచ్చారు.